పెళ్లి లైవ్‌కి 15 వేలు, కంపెనీ మీటింగ్ లైవ్‌కి 55 వేలు: అవే కెమెరాలు, మరి లెక్క ఎక్కడ మారుతోంది?

ఆమధ్య గుంటూరులో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసుకి వెళ్లాం, వాళ్ల డీలర్స్ మీట్ లైవ్ ఇవ్వడం గురించి మాట్లాడటానికి. కొనుగోళ్లు చూసే పెద్దాయన మా కొటేషన్ చూసి కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "ఏవండీ, మొన్న మా మేనకోడలి పెళ్లికి మా బ్రాడీపేట కుర్రాళ్లు మూడు కెమెరాలు పెట్టి ఫోటోగ్రఫీ ప్యాకేజీ మీద ఇంకో 15 వేలు తీసుకుని యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు, అమెరికాలో మావాళ్లంతా తలంబ్రాలు చూశారు, మీరేంటి 55 వేలంటున్నారు" అని అడిగారు. ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు. ఇదే ప్రశ్న ఇటు కంపెనీల వాళ్లకీ ఉంది, అటు పెళ్లి లైవ్‌లు చేస్తూ కార్పొరేట్ వైపు వద్దామనుకుంటున్న మన విజయవాడ, గుంటూరు కుర్రాళ్లకీ ఉంది. అమరావతి పనులు 2025 మే నుంచి మళ్లీ మొదలయ్యాక ఈ చుట్టుపక్కల మీటింగులు, కాన్ఫరెన్సులు పెరుగుతాయని చాలామంది సామాన్లు కొనేస్తున్నారు కూడా. అందుకే దీన్ని కొంచెం విడదీసి చూద్దాం.

ముందే ఒక మాట. ఆ పెద్దాయనకి తేడా కనపడకపోవడానికి కారణం ఆ తేడా స్క్రీన్ మీద కనపడేది కాకపోవడమే. కార్పొరేట్ లైవ్‌లో డబ్బులో చెప్పుకోదగ్గ భాగం ఏదైనా పోతే దాని బదులు నిలబడటానికి పక్కన సిద్ధంగా పెట్టుకునే వాటికి పోతుంది, అంతా బాగా జరిగితే అవి వాడాల్సిన పనే రాదు.

లైవ్, వెబినార్, హైబ్రిడ్: మూడూ ఒకటి కాదు

క్లయింట్ "లైవ్ కావాలి" అంటే ముందు ఏ లైవ్ అనేది తేలాలి. లైవ్ స్ట్రీమ్ అంటే ఒకవైపు ప్రయాణం, మనం పంపుతాం వాళ్లు చూస్తారు, మహా అయితే కామెంట్ పెడతారు. వెబినార్ అంటే జూమ్, టీమ్స్ లాంటి వాటిలో జరిగేది, చూసేవాళ్లు చెయ్యెత్తి మాట్లాడొచ్చు. హైబ్రిడ్ అంటే హాల్లో మూడొందల మంది ఉంటారు, ఆన్‌లైన్లో ఇంకో ఐదొందల మంది ఉంటారు, వీళ్లు అడిగింది వాళ్లకి వినపడాలి, వాళ్లు అడిగింది వీళ్లకి వినపడాలి. అన్నిట్లోకీ కష్టం ఇదే, కానీ చాలామంది క్లయింట్లు లైవ్ రేటులోనే హైబ్రిడ్ కూడా వచ్చేస్తుందనుకుంటారు.

చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. స్టాక్ మార్కెట్లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 100 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు వాటాదారుల వార్షిక సమావేశాన్ని ఒకవైపు లైవ్‌గా చూపించాలని స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ రూల్ ఉంది. కరోనా టైంలో, 2020 ఏప్రిల్, మే నెలల్లో, కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇంకో వెసులుబాటు ఇచ్చింది, సమావేశమే వీడియోలో పెట్టుకోవచ్చని, కానీ దానికి వాటాదారులు మాట్లాడగలిగే రెండువైపుల ఏర్పాటు ఉండాలి, రికార్డు భద్రపరచాలి. మన దగ్గర వచ్చే పని ఎక్కువగా ఆ స్థాయిది కాదు, విత్తనాలు, ఎరువులు, మందుల కంపెనీల డీలర్స్ మీట్లు, హాస్పిటల్స్‌లో డాక్టర్లకి పెట్టే సదస్సులు, కాలేజీల స్నాతకోత్సవాలు, కొత్త బ్రాంచి ఓపెనింగులు. కానీ ఆ పెద్ద కంపెనీల అలవాటే చిన్నగా ఇక్కడికీ దిగింది.

కెమెరా నుంచి చూసేవాళ్ల ఫోన్ దాకా

దారి ఇలా ఉంటుంది. కెమెరాల నుంచి వచ్చే బొమ్మలన్నీ స్విచర్‌లోకి వస్తాయి, ఏ కెమెరా చూపించాలో, ఎప్పుడు పీపీటీ వేయాలో అక్కడ కూర్చున్న మనిషి నొక్కుతుంటాడు. అక్కడి నుంచి ఎన్‌కోడర్‌కి వెళ్తుంది, అది వీడియోని ఇంటర్నెట్ మోయగలిగేంత చిన్నగా నొక్కుతుంది, ఓబీఎస్, వీమిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో చేసేది కూడా ఇదే, ఓబీఎస్ అయితే పూర్తిగా ఉచితం. తర్వాత ఆర్‌టీఎంపీ అనే పద్ధతిలో యూట్యూబ్ లాంటి ప్లాట్‌ఫామ్‌కి వెళ్తుంది. ఆర్‌టీఎంపీ ఒకప్పుడు బ్రౌజర్లలో వీడియోలు చూపించిన ఫ్లాష్ రోజుల నాటిది, 2020 ఆఖర్లో ఫ్లాష్ ఆగిపోయినా ఇది మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఇంటర్నెట్ కుదుటగా లేని చోట ఎస్‌ఆర్‌టీ అనే ఇంకోటి వాడతారు, మధ్యలో డేటా ముక్కలు పోతే మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది అది. చివరికి ప్లాట్‌ఫామ్ ఆ వీడియోని నాలుగైదు సైజుల్లో తయారుచేసి, ఎవరి నెట్ ఎంత ఉంటే అంత సైజు వాళ్లకి ఇస్తుంది.

అంటే ఏడెనిమిది లింకులు ఒకదానికొకటి తగిలించిన గొలుసు, ఏ ఒక్కటి తెగినా స్క్రీన్ నల్లగా అయిపోతుంది. పెళ్లిలో రెండు నిమిషాలు నల్లగా ఐతే డల్లాస్‌లో ఉన్న బాబాయ్ ఫోన్ చేసి అడుగుతాడు, మళ్లీ వచ్చాక చూస్తాడు, అంతే. కంపెనీ ఎండీ కొత్త విత్తనం పేరు ప్రకటించే రెండు నిమిషాలే నల్లగా ఐతే ఆ ప్రోగ్రాం పెట్టిన పనే పోయినట్టు.

100 ఎంబీపీఎస్ ఉందంటారు, మరి ఎందుకు ఆగుతుంది

అన్నిటికంటే ఎక్కువ గొడవ ఇక్కడే కాబట్టి నిదానంగా చూద్దాం. హాల్ మేనేజర్ "మాకు 100 ఎంబీపీఎస్ ఉందండి" అంటాడు, ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఎన్ని మెగాబిట్ల డేటా కదులుతుందనే లెక్క, ఆయన చెప్పేది చాలాసార్లు డౌన్‌లోడ్, అంటే మన దగ్గరికి వచ్చే దారి. లైవ్‌కి కావాల్సింది అప్‌లోడ్, అంటే మన దగ్గర నుంచి బయటికి వెళ్లే దారి. ఫుల్ హెచ్‌డీ వీడియో సెకనుకి 6 మెగాబిట్ల లెక్కన పంపుతున్నాం అనుకుందాం, ఎప్పుడూ దానికి రెట్టింపు, అంటే కనీసం 12 అప్‌లోడ్ చేతిలో ఉంటే తప్ప ధైర్యంగా ఉండలేం, ఎందుకంటే నెట్ ఒకే తీరున ఉండదు.

ఇప్పుడు డేటా లెక్క. సెకనుకి 6 మెగాబిట్లంటే గంటకి 2.7 జీబీ, నాలుగు గంటల ప్రోగ్రాంకి దాదాపు 11 జీబీ. రోజుకి 2 జీబీ వచ్చే మామూలు సిమ్ బ్యాకప్‌గా పెట్టుకున్నామనుకోండి, 45 నిమిషాలకి అయిపోతుంది, ఆ తర్వాత వచ్చే స్పీడులో ఫోటో కూడా వెళ్లదు. అన్‌లిమిటెడ్ 5జీ ఉందిగా అంటారు, కానీ హాల్ లోపల 5జీ దొరక్క 4జీకి దిగితే ఆ రోజువారీ కోటానే ఖర్చవుతుంది.

టైం కూడా లెక్కే. పొద్దున 8 గంటలకి ఖాళీ హాల్లో టెస్ట్ చేస్తే అప్‌లోడ్ 40 చూపిస్తుంది, 11 గంటలకి ఎనిమిదొందల మంది వచ్చి కూర్చుని అందరూ స్టేటస్ వీడియోలు పెడుతుంటే అదే టవర్ మీద మన సిమ్‌కి 3 కూడా దొరకదు. మంగళగిరి, తాడేపల్లి హైవే పక్కన పెద్ద హాళ్లు ఉన్నాయి కదా, ముహూర్తాల రోజుల్లో పక్కపక్క హాళ్లు కూడా నిండి ఉంటాయి, టవర్ మాత్రం అదే.

అందుకే బ్యాకప్ అనే మాటకి అర్థం సరిగ్గా తెలియాలి. ఒకే కంపెనీ సిమ్‌లు రెండు పెడితే అది బ్యాకప్ కాదు, రెండూ ఒకే టవర్. వేర్వేరు కంపెనీల ఫైబర్ లైన్లు రెండు పెట్టినా అవి ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తుంటే, ఎత్తుగా లోడ్ వేసుకొచ్చిన లారీ ఒకటి తగిలితే రెండూ తెగుతాయి. నిజమైన బ్యాకప్ అంటే ఒకటి పోయిన కారణానికే రెండోది కూడా పోకుండా ఉండటం. ఒక ఫైబర్, దానితో పాటు రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, వాటన్నిటినీ కలిపి ఒకే దారిలా వాడే బాండింగ్ పరికరం, ఇది కార్పొరేట్ పనిలో మామూలు ఏర్పాటు. బాండింగ్ అంటే వీడియోని ముక్కలు చేసి మూడు దారుల్లో పంపి అవతల మళ్లీ అతికించడం, ఒక దారి మూసుకుపోయినా బొమ్మ ఆగదు. కరెంటుకీ ఇదే సూత్రం, హాల్‌కి జనరేటర్ ఉంటుంది కానీ అది అందుకునే పది సెకన్లలో స్విచర్, రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతాయి, ఆ పది సెకన్లు కాపాడటానికే యూపీఎస్.

ఇంకో వైపు కూడా ఉంది, ఇది చాలామందికి తట్టదు. చూసేవాళ్లంతా ఒకే ఆఫీసులో ఉంటే? ఒక బ్రాంచిలో 120 మంది ఎవరి కంప్యూటర్లో వాళ్లు 3 ఎంబీపీఎస్ వీడియో చూస్తే 360 ఎంబీపీఎస్ కావాలి, ఆ ఆఫీసు లైన్ 200 అనుకోండి, అందరికీ ఆగి ఆగి వస్తుంది, తిట్లు మాత్రం లైవ్ ఇచ్చినవాళ్లకి పడతాయి. కాన్ఫరెన్స్ హాల్లో ఒకే పెద్ద స్క్రీన్ మీద చూపిస్తే 3 ఎంబీపీఎస్‌తో పని అయిపోతుంది. కొన్ని ఆఫీసుల్లో యూట్యూబే బ్లాక్ చేసి ఉంటుంది, లింక్ పంపాక గానీ ఆ సంగతి బయటపడదు.

ఎండీ ప్రశ్న అడిగాక 20 సెకన్ల నిశ్శబ్దం

మామూలు లైవ్ స్ట్రీమ్ నిజంగా జరిగేదానికంటే పది నుంచి ముప్పై సెకన్లు వెనక ఉంటుంది, వీడియోని ముక్కలుగా పేర్చి పంపుతారు కాబట్టి. పెళ్లిలో ఇదెవరికీ పట్టదు. కంపెనీ మీటింగులో స్టేజి మీద "ఆన్‌లైన్లో ఉన్నవాళ్లు ఏమైనా అడుగుతారా" అంటే ఆ మాట వాళ్లకి 20 సెకన్ల తర్వాత చేరుతుంది, వాళ్లు టైప్ చేయడానికి ఇంకో 20, ఈలోపు ఎవరూ అడగట్లేదనుకుని తర్వాతి స్పీకర్‌ని పిలిచేస్తారు. ఆలస్యం తగ్గించొచ్చు, కానీ తగ్గించిన కొద్దీ నెట్ కొంచెం తడబడినా వీడియో ఆగిపోతుంది, ఎందుకంటే సర్దుకోవడానికి చేతిలో మిగులు ఉండదు. రెండూ కావాలంటే కుదరదు, ప్రశ్నలు జవాబులు ముఖ్యమైతే వెబినార్ వైపు వెళ్లడం, ప్రసంగాలు ముఖ్యమైతే ఆలస్యాన్ని ఒప్పుకోవడం.

హాల్లో దద్దరిల్లే సౌండ్ లైవ్‌లో ఎందుకు వినపడదు

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసిన విషయం. విజయవాడలో ఒక డీలర్స్ మీట్, హాల్ సౌండ్ వాళ్ల మిక్సర్ నుంచి మెయిన్ అవుట్ తీసుకుని నేరుగా స్ట్రీమ్‌కి ఇచ్చాం. హాల్లో అద్భుతంగా ఉంది. లైవ్‌లో మాత్రం ఒక్క యాంకర్ గొంతే గట్టిగా వస్తోంది, సీనియర్ డీలర్ ఒకాయన నలభై ఏళ్ల అనుభవం గురించి మాట్లాడుతుంటే గుసగుసలా ఉంది. కారణం తర్వాత అర్థమైంది, ఆయనది సహజంగానే కంచు కంఠం, హాల్‌కి చాలు కాబట్టి సౌండ్ ఇంజినీర్ ఆయన మైకు తగ్గించేశాడు, హాల్లో ఉన్నవాళ్లకి సగం గొంతు గాల్లో నుంచే వినపడుతోంది. చప్పట్లు అసలు లేవు, జనానికి మైకు లేదుగా. ఆయన మనవరాళ్లు బెంగళూరు నుంచి చూస్తున్నారట, వాళ్లకి ఏమీ వినపడలేదని తెలిసినప్పుడు నాకు పడిన బాధ ఇప్పటికీ ఉంది.

అసలు సంగతేంటంటే హాల్ మిక్స్ వేరు, స్ట్రీమ్ మిక్స్ వేరు. మిక్సర్‌లో ఆక్స్ అనే విడి దారి తీసుకుని, దానికి సొంతంగా లెవెల్స్ పెట్టుకుని, జనం వైపు ఒకటి రెండు మైకులు పెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాన్నే వింటూ కూర్చునే ఒక మనిషి ఉండాలి. ఆ ఒక్క మనిషి కూలి పెళ్లి లైవ్ రేటులో ఉండదు. బొమ్మ కాస్త మసకైనా జనం చూస్తూనే ఉంటారు, మాట వినపడకపోతే నిమిషంలో మూసేస్తారు.

యూట్యూబ్ చాలా, డబ్బు కట్టే ప్లాట్‌ఫామ్ కావాలా

ఇక్కడ రెండు వాదనలూ బలంగానే ఉన్నాయి. యూట్యూబ్ వైపు వాళ్లు చెప్పేది, అందరి ఫోన్లో ఉంది, పదివేల మంది వచ్చినా పడిపోదు, ఖర్చు లేదు, మనం సొంతంగా పెట్టే ఏ ఏర్పాటూ దానంత గట్టిగా ఉండదు. నిజమే. అటువైపు వాళ్లు చెప్పేది, అన్‌లిస్టెడ్ అని, అంటే వెతికితే దొరకకుండా పెట్టినా లింక్ ఎవరి చేతికి చేరితే వాళ్లు చూడొచ్చు, కొత్త రేట్ల పట్టిక చూపించే మీటింగ్ లింక్ ఒక వాట్సాప్ గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి పోతే పోటీ కంపెనీ డీలర్ కూడా కూర్చుని చూస్తాడు. ఛానల్‌కి డబ్బులు రాకపోయినా యూట్యూబ్ యాడ్స్ వేయగలదు, మన విత్తనాల కంపెనీ వీడియో ముందు ఇంకో విత్తనాల కంపెనీ యాడ్ రావచ్చు. కొత్త ఛానల్లో లైవ్ ఆన్ చేయడానికి 24 గంటల దాకా పడుతుంది, క్లయింట్ ఆ రోజు పొద్దున ఛానల్ తెరిస్తే ఇక అంతే.

డబ్బు కట్టే ప్లాట్‌ఫామ్‌లో లాగిన్ ఉంటుంది, ఎవరు ఎంతసేపు చూశారో లిస్టు వస్తుంది. ఖర్చు చాలాచోట్ల డేటా లెక్కన. 300 మంది రెండు గంటలు 2.5 ఎంబీపీఎస్‌లో చూస్తే ఒక్కొక్కరికి 2.25 జీబీ, మొత్తం 675 జీబీ. చూసేవాళ్లు రెట్టింపైతే ఖర్చు రెట్టింపు, కాబట్టి ముందే ఎంతమందో తేల్చుకోకుండా ఒకే రేటు చెప్పడం ప్రమాదం. నా అభిప్రాయం అడిగితే బహిరంగ ప్రోగ్రాంకి యూట్యూబ్‌ని మించింది లేదు, రేట్లు, ఇంకా మార్కెట్లోకి రాని సరుకు, రోగుల కేసులు మాట్లాడే చోట మాత్రం అది సరిపోదు.

55 వేలు ఎక్కడెక్కడికి పోతాయి

లెక్క అర్థమవడానికి వేసుకున్న అంకెలివి, ఊరిని బట్టి, పనిని బట్టి మారతాయి. సామాన్లు 8 లక్షలు, నాలుగేళ్లు పనికొస్తాయనుకుంటే ఏడాదికి 2 లక్షలు. ఏడాదికి 40 ఈవెంట్లు చేస్తే ఒక్కోదానికి 5 వేలు. ఐదుగురు మనుషులు, తలా 2,500 చొప్పున 12,500. ముందురోజు హాల్ చూసి నెట్ టెస్ట్ చేసి రావడానికి 3 వేలు. డేటా, తాత్కాలిక లైను 3 వేలు. బాండింగ్ పరికరం, రెండో ఎన్‌కోడర్ అద్దె 5 వేలు. బండి 2,500. ప్లాట్‌ఫామ్ 4 వేలు. మొత్తం 35 వేలు, మిగిలేది 20 వేలు. 40 ఈవెంట్లకి ఏడాదికి 8 లక్షలు, బానే ఉందనిపిస్తుంది.

అదే 20 ఈవెంట్లే వస్తే? సామాన్ల భారం ఈవెంట్‌కి 10 వేలు అవుతుంది, మిగిలేది 15 వేలు, ఏడాదికి 3 లక్షలు. పని సగమైతే లాభం సగం కంటే బాగా కిందికి పడిపోయింది. సొంత సామానా, అద్దెనా అనే గొడవ మొత్తం ఈ రెండు అంకెల మధ్యే తిరుగుతుంది. కొనమనేవాళ్లు చెప్పేది, మన పరికరం అయితే దాని అలవాట్లు మనకి తెలుసు, ఆఖరి నిమిషంలో అద్దెకి దొరకదు అనే భయం లేదు. అద్దె వాళ్లు చెప్పేది, పని ఎంతొస్తుందో తెలియకుండా వాయిదాలు నెత్తిన పెట్టుకోవద్దని. కొనేవాళ్లు ఇన్సూరెన్స్ కూడా లెక్కలో వేసుకోవాలి, 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లల్లో రోజుల తరబడి నీళ్లు నిలబడ్డాయి, కింది గదిలో సామాన్లు పెట్టుకునేవాళ్లకి అది మర్చిపోయే విషయం కాదు.

హైదరాబాద్ టీములతో పోటీ గురించి కూడా ఒక మాట. వాళ్లకి పెద్ద పనుల అనుభవం ఉంటుంది, పెద్ద కంపెనీలకి వాళ్లతో అలవాటు ఉంటుంది. కానీ 270 కిలోమీటర్ల పైన బండి, ఐదుగురికి రెండు రాత్రుల రూములు వాళ్ల రేటులో కలుస్తాయి, ముందురోజు హాల్ చూసి రావడం వాళ్లకి ఖర్చైన పని. ఇక్కడివాళ్ల బలం సరిగ్గా అదే, ఏ హాల్లో ఏ మూల సిగ్నల్ ఉంటుందో తెలిసి ఉండటం.

పాటలు, రికార్డింగ్: పెళ్లికి లేని చిక్కులు

పెళ్లి ఊరేగింపుల్లో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వేసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది, 2023 జులైలో కేంద్రం దాన్ని మళ్లీ గుర్తుచేసింది కూడా. కంపెనీ ప్రోగ్రాంకి ఆ మినహాయింపు లేదు, పాటల హక్కులు చూసే పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థల లైసెన్స్ విషయం వస్తుంది. పైగా హాల్లో వేయడానికి తీసుకున్న లైసెన్స్ ఇంటర్నెట్లోకి పంపడానికి దానంతటదే సరిపోదు. ఇక యూట్యూబ్‌కి ఈ చట్టం సంగతితో పనిలేదు, దాని యంత్రం పాటని గుర్తుపట్టిందంటే లైవ్ మధ్యలోనే ఆపేసి ఖాళీ బొమ్మ పెట్టగలదు, ఎండీ స్టేజి ఎక్కేటప్పుడు వేసిన సినిమా పాట మొత్తం లైవ్‌ని ముంచొచ్చు.

రికార్డింగ్ ఎవరిది అన్నదీ తగువే. మనవాళ్లు చాలామంది "షూట్ చేసింది మేం కాబట్టి మాదే" అనుకుంటారు. వేరే ఒప్పందం ఏదీ రాసుకోకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫిల్మ్‌కి తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు అని అదే చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ఎడిట్ చేయని ఫుటేజ్ మొత్తం హార్డ్ డిస్క్‌లో ఇవ్వాలా, ఎన్నాళ్లు దాచాలి అన్నది మాత్రం కాగితం మీద రాసుకుంటేనే తేలుతుంది.

డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది

పెళ్లివాళ్లు అడ్వాన్స్ ఇస్తారు, ఆ రాత్రికో వారానికో మిగతాది ఇస్తారు. కంపెనీ బిల్లు అడుగుతుంది, పర్చేజ్ ఆర్డర్ అంటుంది, అరవై రోజులంటుంది. పై లెక్కే చూడండి. 55 వేలకి 18 శాతం జీఎస్టీ 9,900, బిల్లు 64,900. వాళ్లు 55 వేల మీద టీడీఎస్, అంటే మన ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకునే డబ్బు, కోసుకుంటారు, కాంట్రాక్టు పని కింద చూస్తే సంస్థలకి 2 శాతం, ప్రొఫెషనల్ ఫీజు కింద చూస్తే 10 శాతం. 1961 ఆదాయపు పన్ను చట్టం కాంట్రాక్టు పనుల్లో ప్రసారాన్ని, దానికి ప్రోగ్రాం తయారుచేయడాన్ని పేరు పెట్టి చెప్పింది కాబట్టి 2 శాతం అని వాదించడానికి ఆధారం ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు వేరు. కోసుకున్నది పోయినట్టు కాదు, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, కానీ ఈ నెల అద్దెకి పనికిరాదు.

అసలు ఇబ్బంది జీఎస్టీలో. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లయితే బిల్లు వేసిన తర్వాతి నెల 20కల్లా ప్రభుత్వానికి కట్టాలి, క్లయింట్ మనకి ఇచ్చినా ఇవ్వకపోయినా. నెలకి నాలుగు ఈవెంట్లు చేస్తే 39,600, మనం కొన్నవాటి మీద కట్టిన పన్ను తగ్గించుకున్నా చాలావరకు చేతి నుంచే. దానికి తోడు కుర్రాళ్లకి ఆ రాత్రే ఇచ్చే కూలీ, బండి, అద్దెలు అన్నీ కలిపి ఈవెంట్‌కి 30 వేలు, రెండు నెలల్లో ఎనిమిది ఈవెంట్లకి 2 లక్షల 40 వేలు బయటే తిరుగుతుంటాయి. సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షల లోపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు నిజమే, కానీ 40 ఈవెంట్లంటే 22 లక్షలు, పైగా పెద్ద కంపెనీలు జీఎస్టీ బిల్లు లేకపోతే వెండర్‌గా చేర్చుకోవడానికి వెనకాడతాయి.

దీనికి చట్టంలో ఒక ఊతం ఉంది. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అందులో మైక్రో లేదా స్మాల్ కింద నమోదైతే, చిన్న వ్యాపారాల కోసం వచ్చిన 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో, అది కూడా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. 2023-24 నుంచి ఇంకోటి కలిసింది, గడువు దాటించిన మొత్తాన్ని ఇచ్చేదాకా కంపెనీ తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేదు. కొందరు దీనివల్లే అకౌంట్స్ వాళ్లు మార్చి ముందు ఫోన్ చేసి మరీ డబ్బు ఇస్తున్నారంటారు, ఇంకొందరు ఇందుకే కంపెనీలు చిన్నవాళ్లకి పని ఇవ్వడం తగ్గిస్తాయంటారు. గుంటూరు పెద్దాయనతో మాట్లాడిన రోజు ఇదంతా ఒక కాగితం మీద రాసి చూపించాం. ఆయన బాండింగ్, రెండో ఎన్‌కోడర్ అద్దె 5 వేల దగ్గర పెన్ను పెట్టి "ఇది తీసేస్తే 50కి వస్తుందిగా" అన్నారు. తీసేయొచ్చండీ, కానీ నెట్ పోతే మీ ఎండీ గారు ఎవరికీ కనపడరు, ఆ బాధ్యత మాది కాదని రాసి మీ సంతకం తీసుకుంటాం అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, ఆ లైన్ మీద నుంచి పెన్ను తీసి, 45 రోజుల్లో పేమెంట్ అని పక్కన తనే రాశారు.